మెరిసేదాన్ని నొక్కాను – ఏడవ భాగం

ముందుగా నా అక్షర దోషాలకు క్షమించండి. నేను ఒక పేజీ రాసేలోపు మీరు ఒక పుస్తకం చదివేస్తారు. ఏ ఒత్తు ఎక్కడ పెట్టాలో తేలక ఆలోచిస్తూ కూర్చుని పొయ్యి మీద పాలు పొంగబెట్టిన రోజులు చాలా ఉన్నాయి. పోయిన వారం భాగం ఆలస్యంగా అందిందని సంపాదకులుగారు ఫోన్ చేశారు. కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. ఈ వారం మాత్రం చెప్పిన రోజు కంటే ముందే కూర్చున్నాను. ఎందుకంటే ఈ భాగం రాయడం నాకు ఇష్టం లేదు. ఇష్టం లేని పని ముందే మొదలుపెట్టకపోతే ఎలాగోలా తప్పించుకుంటాను. నా సంగతి నాకు తెలుసు.

కొత్తగా చదివేవాళ్ళ కోసం కథ ఎక్కడ ఉందో చెబుతాను. మా కోడలు పనిచేసే కంపెనీ పెద్దవాళ్ళకి చదవడం నేర్పే యాప్ ఒకటి తయారు చేసింది. దాన్ని ఫోన్‌లో పెట్టుకున్నవాళ్ళు బాగుందని నాలుగు మాటలు రాసి ఐదు నక్షత్రాలు ఇచ్చేలా చూడటమే మా కోడలి ఉద్యోగం. కొత్త యాప్ కాబట్టి మొదట్లో ఎవరూ ఏమీ రాయలేదు. కోడలు ఒక కాగితం మీద మూడు వాక్యాలు రాసిచ్చింది. నమూనా చూసి పువ్వు కుట్టినట్టు, నేను వాటిని చూసి ఒక్కో అక్షరం ఫోన్‌లో వెతికి దించాను. "నా వయసు అరవై ఒకటి. ఈ యాప్‌తో నలభై రోజుల్లో చదవడం నేర్చుకున్నాను. నాకు వచ్చిందంటే ఎవరికైనా వస్తుంది." ఆ మూడింటిలో నా వయసు ఒక్కటే నిజం. మిగతావి ఏమిటో చూసుకుందామన్నా, అవి రాసిన రోజున నాకు చదవడం రాదు. నా ఫోటోతో సహా ఆ మాటలు అందరికంటే పైన నిలబడ్డాయి.

తర్వాత ఆ సిగ్గుతోనే నిజంగా నేర్చుకున్నాను. నేను గుండీలు కుట్టే షాపులో కాజాలు తీసే అక్క ఉండేది. భోజనాల వేళ వేస్టు గుడ్డ ముక్కల మీద సుద్దతో రాసి ఆవిడే నేర్పింది. రెండేళ్ళ నాలుగు నెలలు పట్టింది. ఆ అక్క ఆ తర్వాత కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది. ఇక ఆ సంగతి తెలిసినవాళ్ళు షాపులో ఎవరూ లేరు.

పోయిన వారం ఆపిన చోట, కింద అంతస్తులో బట్ట కత్తిరించే కటింగ్ మాస్టరు శుక్రవారం భోజనాల వేళ పైకి వచ్చి, తలుపు దగ్గరగా వేసి, "గుండీలమ్మా, ఒక మాట" అన్నాడు.

*

మాస్టరు మా షాపుకి వచ్చి ఏడాది అయింది. యాభై దాటిన మనిషి, గంభీరంగా ఉంటాడు. ఆయన కత్తెర పట్టుకున్నాడంటే చుట్టుపక్కల వాళ్ళు గొంతు తగ్గిస్తారు. అలాంటివాడు దారం పెట్టె మీద ముడుచుకుని కూర్చుని, జేబులోంచి చేతిరుమాలులో చుట్టిన ఫోన్ తీశాడు.

"నవ్వకూడదు," అన్నాడు.

"నవ్వను."

"ఒట్టేనా?"

"చెప్పేదేదో చెప్పండి మాస్టరూ. అన్నం డబ్బా చల్లారిపోతోంది."

"నాకు చదువు రాదు."

నేను నవ్వలేదు. నమ్మలేదు కూడా. మాస్టరు కత్తిరించిన ప్రతి బట్ట మీద సుద్దతో ఒక బొమ్మ వేస్తాడు. పొడుగు మనిషికి నిచ్చెన. లావు మనిషికి కుండ. భుజాలు వంగినవాళ్ళకి కొడవలి. అదేదో పెద్ద మాస్టర్ల పద్ధతి అనుకున్నాం మేమంతా. కొలత తీసుకున్న మనిషిని ఒక్కసారి చూస్తే చాలు, నెల తర్వాత కూడా ఆ నడుము ఎవరిదో చెప్పగలడు. అంకెలు వచ్చు. పేర్లే రావు.

"ఇన్నాళ్ళు ఎలా నెట్టుకొచ్చారు?"

"మనుషులు వచ్చేవాళ్ళు, కొలిచేవాణ్ణి. ఇప్పుడు ఈ ఆస్పత్రి వాళ్ళ కోట్లు కుట్టే పని పట్టుకొచ్చింది కదా ఓనరమ్మ. మనుషులు రారు, జాబితా వస్తుంది. ఎవడి పేరుకి ఏ కొలతో నాకేం తెలుసు? చూశావుగా మొన్న ఏం జరిగిందో."

చూశాను. పొట్టి నర్సమ్మ కొలతతో కుట్టిన కోటు జేబు మీద ఆరడుగుల డాక్టరు పేరు పడింది. ఓనరమ్మ దాన్ని అందరి ముందు ఎత్తి పట్టుకుని, "డాక్టరుగారు దీన్ని రుమాలు అనుకుంటారేమో మాస్టరూ" అంది. అందరం నవ్వాం. మాస్టరు అందరికంటే గట్టిగా నవ్వాడు.

"తర్వాత లోపలికి పిలిచింది," అన్నాడు. "సోమవారం నుంచి జాబితా నేనే చూసుకుని కత్తిరించాలట. మళ్ళీ తప్పు జరిగితే ఇస్త్రీ బల్ల దగ్గరికి పొమ్మంది. కొత్త మాస్టర్ని మాట్లాడి పెట్టుకుందట. ముప్పై ఏళ్ళు కత్తెర పట్టిన చెయ్యి ఇది."

ఆ చెయ్యి చూసుకున్నాడు. కత్తెర ఉంగరం దగ్గర బొటనవేలు గట్టిపడి నల్లగా ఉంది.

"నీ ఫోటో చూశాను. మా ఆవిడ చదివి వినిపించింది. అరవై ఒకటి, నలభై రోజులు. నాకిది ఐదో నెల తల్లీ. ఆ కిటుకేదో నాకూ చెప్పు."

"మీ ఆవిడకి చదువొచ్చా? ఆవిడే నేర్పొచ్చు కదా?"

"మూడు రోజులు నేర్పింది. మూడో రోజు పలక నేనే విరగ్గొట్టాను. ఇప్పుడు ఆవిడ ముందు ఈ ఫోన్ తియ్యను. మిద్దె మీదకి పోతాను. ఆరిన బట్టలు తెస్తానని చెప్పి. రోజూ అంటుంది. 'ఆ పెద్దావిడకి నలభై రోజులు పట్టింది, మీకు ఐదు నెలలైనా రాలేదు, మీ బుర్రలో ఏముంది, సుద్దా?' అని. తప్పు లేదులే. ఉన్నదంటే అదే ఉండాలి."

చెప్పాల్సిన సమయం అదే. నోట్లో మాట ఉంది. నేను మింగేశాను. "ఏదీ, ఎలా చేస్తున్నారో చూపించండి," అన్నాను.

యాప్ తెరిచాడు. ఎనిమిదో పాఠం. ఫోన్ గొంతెత్తి అక్షరం పలికింది. మాస్టరు వేలితో దాన్ని గీశాడు. ఎంత అందమైన వంపు! బట్ట మీద చంక వంపు తీసే చెయ్యి కదా మరి. గంట మోగింది, పూలు రాలాయి, ఆ తర్వాత నక్షత్రాల పేజీ వచ్చింది. మాస్టరు వేలిని చొక్కాకి తుడుచుకుని, ఎడమ నుంచి కుడికి, ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు, శ్రద్ధగా నొక్కాడు.

"అవెందుకు నొక్కారు?"

"ఎందుకంటే? నొక్కితేనే కదా వదిలేది?"

"ఎవరు చెప్పారు?"

"చెప్పేదేముంది? మొదట్లో ఒకసారి నాలుగే నొక్కి చూశాను. తెల్ల కాగితం ఒకటి తెరుచుకుని, రాయి రాయి అన్నట్టు ఒక గీత మినుక్కుమంటూ కూర్చుంది. రాయడమే వస్తే నీతో పనేంటి నాకు అనుకుని మూసేశాను. అప్పట్నుంచి ఐదూ నొక్కుతున్నాను. మారు మాట్లాడకుండా వదిలేస్తోంది."

ఆ పేజీని నేను మొదటిసారి చదివాను. పైన పెద్ద అక్షరాలతో, మీకు నచ్చిందా, మీ మాట మరొకరికి వెలుగు అని ఉంది. మధ్యలో ఐదు నక్షత్రాలు ఒకదాని తర్వాత ఒకటి బంగారు రంగులో మెరుస్తున్నాయి. అట్టడుగున, సూదిలో దారం ఎక్కించేటప్పుడు కళ్ళు చికిలించినట్టు చికిలిస్తే తప్ప కనపడనంత సన్నగా, బూడిద రంగులో, 'ఇప్పుడు వద్దు' అని ఉంది. పైకి చదివి వినిపించాను.

"వద్దు అనొచ్చా?" అన్నాడు మాస్టరు.

"అనొచ్చు."

"అంటే నేను ఐదు నెలలుగా రోజూ నచ్చింది నచ్చింది అని చెబుతున్నానా?"

తొమ్మిదో పాఠం తెరవమన్నాను. తెరిచాడు. ఫోన్ పలకలేదు. తెర మీద, కింది పదాల్లో సరైనదాన్ని ఎంచుకోండి అని రాసి ఉంది, అంతే.

"ఇక్కడికొచ్చేసరికి మూగబోతుంది," అన్నాడు. "నా చెవులకేమన్నా అయిందేమో అనుకున్నాను. ఫోన్లు బాగుచేసే అతని దగ్గరికి కూడా తీసుకెళ్ళాను. స్పీకరు బాగానే ఉందన్నాడు. అందుకే మళ్ళీ ఎనిమిదో దానికే వచ్చేస్తున్నాను రోజూ."

మూడేళ్ళ కింద నేనూ అక్కడే ఆగిపోయాను. నాలాగా, ఈయనలాగా ఆగిపోయినవాళ్ళు ఎంతమంది ఉండి ఉంటారు? వాళ్ళలో ఒక్కళ్ళయినా ఇది పనిచేయట్లేదని రాయరేం అని మీరు అడగొచ్చు. చదువు రానివాళ్ళు, చదువు రాలేదని రాయలేరు కదా. వాళ్ళు చేయగలిగింది ఒక్కటే. ఐదు నక్షత్రాలు నొక్కడం.

"ఇప్పుడు చెప్పు, కిటుకేంటి?" అన్నాడు మాస్టరు.

"రేపు చెబుతాను," అన్నాను.

ఆయన లేచి రెండు చేతులూ జోడించాడు. మూతపెట్టిన నా డబ్బా ఆ రోజు అలాగే ఇంటికి వెళ్ళింది.

*

ఇంటికి వెళ్ళేసరికి కోడలు వంటగదిలో ఉంది. ఒక పక్క లాప్‌టాప్, ఒక పక్క కత్తిపీట. మా అబ్బాయి లారీ తోలుతాడు, నెలలో నాలుగు రోజులు కూడా ఇంట్లో ఉండడు. కాబట్టి ఆ ఇంట్లో మాట్లాడుకునేది మేమిద్దరమే. మాకు మంచి పొత్తు కుదిరిందని అందరూ అనేవాళ్ళు. నిజమే కూడా.

"అమ్మాయ్, ఆ నక్షత్రాల పేజీ ఎవరు చేశారు?" అన్నాను.

"నేనే చేయించాను అత్తయ్యా. బాగుందా?"

"వద్దు అన్న మాట అంత సన్నగా ఎందుకు పెట్టారు?"

కోడలు ఫక్కున నవ్వింది. "భలేవారే! ఆ ఆలోచన మీదే కదా!"

"నాదా?"

"గుర్తులేదా? మొదట్లో మీ చేత యాప్ నొక్కించి చూసేదాన్ని. మీరు పాఠం వదిలేసి ఏదో ప్రకటన నొక్కేశారు. అదెందుకు నొక్కారు అత్తయ్యా అన్నాను. 'ఏం రాసుందో నాకేం తెలుసే, మెరిసేదాన్ని నొక్కాను' అన్నారు. ఆ మాట పుస్తకంలో రాసుకున్నాను. మర్నాడు మీటింగులో చెప్పాను. నక్షత్రాలు మెరిపించాం, మిగతాది మసక చేశాం. నెల తిరిగేసరికి నక్షత్రాలు వర్షం కురిసినట్టే. మా ఆఫీసులో దానికి పేరు కూడా పెట్టారు. అత్తయ్య పేజీ అంటారు."

నేను గోడకి ఆనుకున్నాను. ఆ మాట అన్నది నాకూ గుర్తొచ్చింది. ఆ రోజు ఇద్దరం పడీపడీ నవ్వుకున్నాం. నాకు రానిదాన్ని చూసి నేనే నవ్వాను, కోడలు కూడా ముచ్చటగా నవ్వింది అనుకున్నాను.

"వాళ్ళకి చదవడం రాదమ్మా," అన్నాను.

"అందుకే కదా అత్తయ్యా అంత బాగా పనిచేస్తోంది," అంది.

అన్నాక తన చెవులతో తనే విన్నట్టుంది. చేతిలోని కాయ సగం తెగి ఆగిపోయింది. నేను తన మొహంలోకి చూశాను.

"అలా చూడకండి," అంది నెమ్మదిగా. "నాలుగున్నర నక్షత్రాలు దాటితేనే నన్ను ఇంకో ఏడాది ఉంచుతారు. మీ అబ్బాయి నడుము నొప్పి సంగతి మీకు తెలుసు. ఆయన స్టీరింగు పట్టుకునేది ఇంకెన్నాళ్ళు? నేను ఎవరినీ బలవంతం చెయ్యలేదు. అక్కడ వద్దు అనే మాట ఉంది. కనపడేలా లేదంతే."

"తొమ్మిదో పాఠం మాట్లాడదు."

"అది నా చేతిలో లేదు అత్తయ్యా. పాఠాలు వేరేవాళ్ళు చూస్తారు. నాకొచ్చేవి నక్షత్రాలే. నేను చూసేవీ నక్షత్రాలే." మళ్ళీ తరగడం మొదలుపెట్టింది. "ఆదివారం పదింటికి మా మేనేజరు ఇంటికొస్తున్నారు, కెమెరాతో. యాప్ కొత్తగా చేసి మళ్ళీ విడుదల చేస్తున్నారు. మీరే ముందుండాలట. ఆ మూడు వాక్యాలే చెప్పండి చాలు. ఆ నీలం చీర కట్టుకోండి, మీకు నప్పుతుంది."

ఈ పక్కన కోడలి ఉద్యోగం. ఆ పక్కన మాస్టరు కత్తెర. మధ్యలో నా పరువు, దాన్ని కూడా దాచకుండా చెప్పాలి కదా. అరవై నాలుగేళ్ళ బతుకులో నాకు మొదటిసారి దొరికిన పేరు అది. వీధిలో వాళ్ళు ఫోటోలో అమ్మ అంటూ నవ్వుతూ పలకరించేవాళ్ళు. అంతకుముందు నన్ను అలా పలకరించినవాళ్ళు లేరు. మా ఆయన ఉన్నన్నాళ్ళూ కాగితాల మీద వేలిముద్ర వేసి, సిరా చీరకి తుడుచుకుని పక్కకి జరిగేదాన్ని.

"సరే," అన్నాను.

ఆ మాట కోడలికి ఎంత సంతోషం కలిగించిందంటే, లేచి వచ్చి నా చెంపకి తడి చెయ్యి ఆనించి వెళ్ళింది.

*

శనివారం మాకు సగం రోజే పని. అందరూ వెళ్ళేదాకా గుండీల డబ్బాలు సర్దుతూ, సర్దినవే మళ్ళీ సర్దుతూ గడిపి, కిందకి దిగాను.

మాస్టరు తెల్ల బట్ట పరిచి కోటు వీపు భాగం కత్తిరిస్తున్నాడు. పక్కన ఆస్పత్రి జాబితా ఉంది. దాని మీద పెన్సిలుతో, ప్రతి పేరు పక్కనా చిన్నచిన్న బొమ్మలు వేసి ఉన్నాయి. ఒక పేరు చివర కొక్కెంలా ఉందని కొక్కెం. ఇంకోటి మధ్యలో గుండ్రంగా ఉందని గాజు. పేర్లని ఆకారాన్ని బట్టి గుర్తుపెట్టుకోవడానికి తంటాలు పడుతున్నాడు. ఇరవై రెండు పేర్లు.

"రా గుండీలమ్మా," అన్నాడు. "నీకోసమే చూస్తున్నాను. కిటుకు చెబుతానన్నావు."

"కిటుకు లేదు మాస్టరూ. నేను ఆ యాప్‌తో నేర్చుకోలేదు. నలభై రోజులు కాదు. రెండేళ్ళ నాలుగు నెలలు పట్టింది. నేర్పింది మన షాపులో ఉండిన కాజాల అక్క. ఆ మాటలు మా కోడలు రాసిచ్చింది, నేను చూసి దించాను. నాకు అప్పటికి అ అంటే ఏదో కూడా తెలియదు."

ఒక్క గుక్కలో చెప్పేశాను. కత్తెర ఆగలేదు. బట్ట మధ్యలో కత్తెర ఆపితే అక్కడ అంచులో పన్నులా గాటు పడుతుంది, తర్వాత ఎంత సరిచేసినా కనబడుతుంది. అందుకని మాస్టరు గీత చివరిదాకా కత్తిరించాడు. ఆ చప్పుడు నాకు చాలా పొడుగ్గా అనిపించింది. చివరికి చేరాక కత్తెర కింద పెట్టాడు.

"ఒక్కటి కూడా నిజం కాదా?"

"నా వయసు నిజం."

నవ్వుతాడేమో అనుకున్నాను. నవ్వలేదు. పెన్సిలు బొమ్మలున్న జాబితాని మడిచాడు, విప్పాడు, మళ్ళీ మడిచాడు.

"అయితే నా బుర్ర..."

"మీ బుర్ర బాగానే ఉంది మాస్టరూ. ఆ తొమ్మిదో పాఠం నేను కూడా దాటలేదు. ఎవరూ దాటలేరు."

"ఈ మాట నాకు చెబితే ఏం లాభం?" గొంతు మొదటిసారి పెరిగింది. "ఐదు నెలలుగా ఇంట్లో దద్దమ్మలా బతుకుతున్నాను. పద. మా ఆవిడకి చెప్పు."

"ఇప్పుడా?"

"ఇప్పుడే. నేను చెబితే సాకులంటుంది. నీ నోటితోనే చెప్పాలి."

*

వాళ్ళ ఇల్లు రెండు వీధుల అవతల, మెట్లెక్కాలి. దారి పొడుగునా మాస్టరు నాకంటే నాలుగడుగులు ముందు నడిచాడు. వాళ్ళావిడ తడి చేతులతో తలుపు తీసి, నన్ను చూడగానే మొహం ఇంత చేసుకుంది.

"అయ్యో పిన్నిగారూ! మీరేనా? ఫోటోలో కంటే సన్నగా ఉన్నారే! రండి రండి. చెప్పకుండా తీసుకొచ్చారేంటండీ, ఇల్లు చూడండి ఎలా ఉందో." కుర్చీ మీద బట్టలు తీసి మంచం మీద పడేసి, కొంగుతో కుర్చీ తుడిచింది. "కూర్చోండి. మీ మాటలు ఈయనకి ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. అసలు మీరే కాస్త గట్టిగా చెప్పండి ఈయనకి. ఫోన్ పట్టుకుని మిద్దె ఎక్కితే దిగరు, వచ్చేది మాత్రం ఏమీ లేదు. ఆరేసిన బట్టలు తెస్తానని వెళ్ళి ఉత్తచేతులతో దిగుతారు. నాకు తెలీదనుకుంటారు!"

మాస్టరు గుమ్మంలోనే నిలబడ్డాడు.

నేను కూర్చోలేదు. కూర్చుంటే చెప్పలేననిపించింది. మాస్టరుకి చెప్పినట్టే చెప్పాను. కాకపోతే ఈసారి ఒక్క గుక్కలో రాలేదు, ముక్కలు ముక్కలుగా వచ్చింది. నక్షత్రాల పేజీ సంగతి చెప్పాను. దాని పేరు కూడా చెప్పాను. నేను చెబుతున్నంతసేపూ ఆవిడ చేతులు కొంగుతో తుడుచుకుంటూనే ఉంది. అవి ఎప్పుడో ఆరిపోయాయి.

"అయితే పిన్నిగారూ," అంది చివరికి, "ఐదు నెలలుగా ఈయన్ని నేను అన్న మాటలన్నీ ఇప్పుడు ఏం చేసుకోను?"

ఆవిడ కొంగు వదిలేసింది.

"నిన్న కూడా అన్నాను. పెళ్ళికూతురిగా వచ్చిన రోజున నా దగ్గర ఈ సంగతి దాచారని కూడా అన్నాను. ఎప్పుడూ అనని మాట అది." భర్త వైపు చూడలేదు. నన్నే చూస్తోంది. "పోనీ, రాసే రోజుకి మీకు చదవడం రాదు. వచ్చాక చదువుకున్నారా, మీరేం రాశారో?"

"చదివాను."

"ఎన్నాళ్ళయింది?"

"ఎనిమిది నెలలు."

ఆవిడ వేళ్ళు మడిచి లెక్క చూసుకోలేదు. చూసుకోనక్కర్లేదు. "ఈయన మొదలుపెట్టింది ఐదు నెలల కింద," అంది.

ఎనిమిది నెలల కింద, ఒక మధ్యాహ్నం, ఆ మూడు వాక్యాలూ నేను కూడబలుక్కుంటూ చదివాను. తీసెయ్యడం ఎలాగో అప్పటికే తెలుసు. తియ్యలేదు. కింద ఎంతమంది మెచ్చుకున్నారో చూసుకుని ఫోన్ పక్కన పెట్టాను. కోడలు రాసిచ్చిందనీ, నాకు చదువు రాదనీ ఇంతవరకూ చెప్పుకుంటూ వచ్చాను కదా. ఆ మధ్యాహ్నానికి మాత్రం అవేవీ అడ్డం పెట్టుకోలేను. ఆరు భాగాలు రాశాను గానీ, దీన్ని మీకు కూడా ఇప్పటిదాకా చెప్పలేదు.

"రేపు పదింటికి కెమెరా పట్టుకుని వస్తున్నారు," అన్నాను. ఎందుకు చెప్పానో తెలియదు. "మళ్ళీ అవే చెప్పమంటున్నారు."

"చెబుతానన్నారా?"

"సరే అన్నాను."

మాస్టరు గుమ్మంలోంచి మొదటిసారి నోరు తెరిచాడు. "మీ ఇల్లు ఎక్కడ గుండీలమ్మా?"

*

ఆదివారం పదికి ఐదు నిమిషాల ముందే మేనేజరు వచ్చాడు. కుర్రవాడు, మర్యాదస్తుడు. చెప్పులు బయట విడిచి, అమ్మా అని వంగి పలకరించాడు. మూడు కాళ్ళ కెమెరా నిలబెట్టి, కిటికీ పక్కన కుర్చీ వేయించాడు. కోడలు నీలం చీర ఇస్త్రీ చేసి ఇచ్చింది, కుచ్చిళ్ళు తనే సర్దింది. సర్దుతూ, "భయపడకండి అత్తయ్యా, నేను ఎదురుగానే ఉంటాను" అంది. అప్పుడైనా చెప్పొచ్చు. శుక్రవారం సాయంత్రం నుంచి ఆ ఉదయం దాకా ఎన్నిసార్లు చెప్పొచ్చో. చెప్పలేదు. మాస్టరుకి చెప్పాను, మాస్టరు భార్యకి చెప్పాను. ఒకే చూరు కింద ఉన్న పిల్లకి చెప్పలేదు.

మాస్టరూ వాళ్ళావిడా వచ్చారు. కోడలు వాళ్ళని చూసి, "షాపు వాళ్ళా? షూటింగ్ చూడ్డానికా? రండి రండి, చప్పుడు చెయ్యకండేం" అంటూ గోడ పక్కన చాప వేసింది. ఇద్దరూ కూర్చున్నారు. మధ్యలో జానెడు ఖాళీ ఉంది.

"మొదలుపెడదామా అమ్మా," అన్నాడు మేనేజరు. కెమెరా మీద ఎర్ర దీపం వెలిగింది. "ఎన్ని రోజుల్లో చదవడం నేర్చుకున్నారు?"

"రెండేళ్ళ నాలుగు నెలల్లో," అన్నాను.

మేనేజరు నవ్వాడు. "పర్లేదమ్మా, కెమెరా ముందు ఎవరికైనా కంగారే. మళ్ళీ అడుగుతాను. ఎన్ని రోజుల్లో?"

"రెండేళ్ళ నాలుగు నెలలు. మీ యాప్‌తో కాదు. తొమ్మిదో పాఠం నేను దాటలేదు. ఇదిగో, ఈయన కూడా దాటలేదు."

మేనేజరు నవ్వు ఎటు పోవాలో తెలియక మొహం మీదే ఉండిపోయింది. మెల్లగా మా కోడలి వైపు తిరిగాడు. "మేడమ్, ఇదేంటి? మనకి మొదటి రివ్యూ రాసింది ఈవిడే కదా? మీరు రాయించలేదు కదా?"

నేను కోడలి వైపు చూడలేకపోయాను. ఆమె కాళ్ళు మాత్రం కనబడ్డాయి. బొటనవేలు నేల మీద నొక్కి, వదిలి, నొక్కుతోంది. మాస్టరు భార్య ఎందుకో భర్త మోచెయ్యి పట్టుకుంది. ఆ గదిలో అందరూ నా ఒక్కదాని వల్ల అలా కూర్చుని ఉన్నారు. మంచి పని చేస్తున్నానని అనుకుంటూనే, కొడుకు ఇంటిని, కోడలి ఉద్యోగాన్ని, పై అధికారి ముందు, ఆ పిల్లకి ఒక్క మాట చెప్పకుండా బజారున పెట్టాను.

కోడలు లేచి నిలబడింది. నా దగ్గరికి వచ్చింది. భుజం మీద జారిన కొంగు సరిచేసింది.

"ముందు నాకు చెప్పి ఉండాల్సింది అత్తయ్యా," అంది. గొంతులో కోపం లేదు. కోపం ఉంటే ఈ రోజు ఇది రాయడం నాకు ఇంకాస్త తేలికగా ఉండేది.

మేనేజరు కెమెరా ఆపడానికి చెయ్యి చాపాడు.

"ఆపకండి సార్," అంది మా కోడలు.

(మిగతాది వచ్చే వారం)

– గుండీలమ్మ,
అరవై ఆరేళ్ళు,
ఇప్పుడు ఉంటున్నది కుట్టు షాపు పైన, దారం పెట్టెలు పెట్టుకునే గదిలో.